“లేదా”, “అయితే” వీటి అర్థం సత్య పట్టికలో ఉందా, రుజువు నియమాల్లో ఉందా?

దర్శనం_ఎంఏ
ఫిలాసఫీ ఎంఏలో లాజిక్ పేపర్ నడుస్తోంది. “మరియు”, “లేదా”, “అయితే” అంటే సత్య పట్టికే (విడి వాక్యాలు సత్యమా అసత్యమా అన్నదాన్ని బట్టి మొత్తం సత్యమో కాదో చెప్పే పట్టిక) అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. ఇప్పుడేమో జర్మన్ తర్కవేత్త గెంట్జెన్‌తో మొదలుపెట్టి, వాటి అర్థమంతా రుజువులో వాటిని వాడే నియమాల్లోనే ఉందంటున్నారు. ఒక మాటను ఎలా వాడాలో చెప్తే దాని అర్థం చెప్పినట్టేనా? దీంతో కుస్తీ పట్టినవాళ్లు మీకు ఎక్కడ వెలిగిందో చెప్పండి. పుస్తకాల లిస్టు వద్దు, అది మా సార్ ఇచ్చారు.

గోదారిగట్టు
టాంక్‌తో మొదలుపెట్టండి. ఈ వాదాన్ని ఆటపట్టించడానికే తర్కవేత్త ఆర్థర్ ప్రయర్ 1960లో కల్పించిన సంయోజకం (వాక్యాలను కలిపే మాట) అది. రెండే నియమాలు. A ఉంటే “A టాంక్ B” రాసుకోవచ్చు, “లేదా” లాగా. “A టాంక్ B” ఉంటే B రాసుకోవచ్చు, “మరియు” లాగా. ఇక చూడండి: చార్మినార్ హైదరాబాద్‌లో ఉంది. కాబట్టి చార్మినార్ హైదరాబాద్‌లో ఉంది టాంక్ చార్మినార్ విజయవాడలో ఉంది. కాబట్టి చార్మినార్ విజయవాడలో ఉంది! నియమాలే అర్థమైతే టాంక్‌కీ అర్థం ఉండాలిగా అని ప్రయర్ ఎగతాళి.

1962లో తర్కవేత్త బెల్నాప్ జవాబిచ్చాడు. కొత్త గుర్తును చేర్చినప్పుడు, ఆ గుర్తు లేని పాత వాక్యాల్లో ఇదివరకు రుజువు కానిదేదీ కొత్తగా రుజువు కాకూడదు. టాంక్ అక్కడే దొరికిపోతుంది.

లెక్కల_మాస్టారు
ఇంత తిరుగుడు ఎందుకండీ? టాంక్‌కి సత్య పట్టిక వేయమనండి. A సత్యం, B అసత్యం అయిన వరసలో మొదటి నియమం ప్రకారం సత్యం రాయాలి, రెండో నియమం ప్రకారం అసత్యం రాయాలి. పట్టికే కుదరదు, కాబట్టి అర్థం లేదు. ఇంటర్ పిల్లలకి బోర్డు మీద వేసి చూపిస్తే ఇట్టే పట్టేస్తారు.

గోదారిగట్టు
మాస్టారూ, “మరియు” పట్టికను ఒకసారి పైకి చదవండి. “A సత్యమై, మరియు B సత్యమైతే, మొత్తం సత్యం” అంటారు. అర్థం తెలియనివాడికి మళ్లీ అదే మాటతో చెప్తున్నారు కదా.

పైగా ఏ నియమం పెట్టినా చెల్లుతుందని ఇటువైపు వాళ్లు అనలేదు. ప్రతి గుర్తుకూ రెండు రకాల నియమాలు ఉంటాయి: దాన్ని రుజువులోకి తెచ్చేవి, దాన్నుంచి ఏదైనా రాబట్టేవి. తెచ్చే నియమాలు నిర్వచనాల్లాంటివి, రాబట్టేవి వాటి పర్యవసానాలు అని గెంట్జెనే అన్నాడు. బ్యాంకు ఖాతాలాగా, వేసినంతే తీయాలి. తత్వవేత్త డమ్మెట్ దీనికి హార్మనీ అని పేరు పెట్టాడు.

పరీక్ష ఇలా చేస్తారు. A రుజువు, B రుజువు మీ దగ్గర ఉన్నాయి. వాటితో “A మరియు B” తెచ్చి, వెంటనే దాన్నుంచి A తీశారనుకోండి. ఆ చుట్టుదారి దండగ, A రుజువు ముందే చేతిలో ఉంది. కొట్టేయొచ్చు. ఇలా తెచ్చే, రాబట్టే నియమాలతో రుజువు కట్టే పద్ధతి అయిన నేచురల్ డిడక్షన్‌లో ఇలాంటి చుట్టుదార్లను తొలగించవచ్చని ప్రావిట్జ్ 1965లో చూపించాడు. ఇప్పుడు టాంక్‌తో ప్రయత్నించండి. A నుంచి టాంక్, టాంక్ నుంచి B. మధ్య అడుగు కొట్టేస్తే మిగిలేది A రుజువు. B రుజువు ఎక్కడుంది? లేదు, ఎప్పుడూ లేదు. నాకు వెలిగింది ఇక్కడే, కాగితం మీద గీసినప్పుడు. ఊరికే చదివితే వెలగదు.

కోడ్_రాముడు
నాది సాఫ్ట్‌వేర్, సరదాగా, రుజువులను సరిచూసే ప్రోగ్రామింగ్ భాష లీన్‌లో రుజువులు రాస్తుంటాను. అక్కడ సత్య పట్టిక ఎవరూ అడగరు. “A మరియు B” రుజువంటే ఒక జత. “A అయితే B” రుజువంటే, A రుజువు ఇస్తే B రుజువు తిరిగిచ్చే ఫంక్షన్. పైన చెప్పిన చుట్టుదారి కొట్టేయడం మాకు ప్రోగ్రాం రన్ అవడమే. రుజువు పూర్తయ్యాక “ప్రింట్ యాక్సియమ్స్” కమాండ్ ఇచ్చి చూడండి. ఏ A కైనా “A లేదా A కాదు” చెల్లుతుందని లోపలెక్కడో వాడి ఉంటే, “క్లాసికల్ చాయిస్” అని పేరుతో సహా బయటపెడుతుంది.

లెక్కల_మాస్టారు
వాడితే తప్పేంటి? కరణీయ సంఖ్యను కరణీయ ఘాతానికి ఎక్కిస్తే అకరణీయ సంఖ్య రావచ్చని చూపాలి. √2 ను √2 ఘాతానికి ఎక్కిస్తే అకరణీయం వచ్చిందా, పని అయిపోయింది. రాలేదా, ఆ వచ్చినదాన్ని మళ్లీ √2 ఘాతానికి ఎక్కించండి, 2 వస్తుంది. ఇంత ముచ్చటైన రుజువును వదులుకోమంటారా?

కోడ్_రాముడు
ముచ్చటైనదే. కానీ ఆ రెంటిలో ఏది నిజమో అది చెప్పదు. బదులుగా √2 ను, 2 ఆధారంగా 9 కి ఉన్న లాగరిథమ్ ఘాతానికి ఎక్కించండి. 3 వస్తుంది. ఆ లాగరిథమ్ కరణీయమని చూపడం రెండు లైన్ల పని.

సంస్కృతం_సారు
మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కొండ మీద పొగ, నిప్పు ఉదాహరణ ఉంది. అదీ రుజువు సిద్ధాంతమేగా?

దర్శనం_ఎంఏ
మాకు అది వేరే పేపర్‌లో ఉంది సార్. పొగకీ నిప్పుకీ ఉన్న వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న సంబంధం) వల్ల జ్ఞానం ఎలా కలుగుతుందన్నది అక్కడి ప్రశ్న. “లేదా” అర్థం గొడవ దానికి లేదు.

గోదారిగట్టు గారూ, అయితే “కాదు కాదు A” నుంచి A తీసే నియమం హార్మనీ పరీక్షలో ఫెయిలా?

గోదారిగట్టు
నేచురల్ డిడక్షన్‌లో అయితే ఫెయిలే. A అనుకుంటే వైరుధ్యం వస్తుందని చూపి “A కాదు” తెస్తాం. అందులో వేయనిదాన్ని ఆ నియమం తీస్తోంది. ఆ నియమాన్ని ఒప్పుకునే క్లాసికల్ లాజిక్‌ను డమ్మెట్ అనుమానించడానికి ఇదొక కారణం. కానీ గెంట్జెన్ దగ్గరే 1934–35 నాటి సీక్వెంట్ కాల్క్యులస్ కూడా ఉంది. అందులో ప్రతి వరసలో ఎడమవైపు ఊహలు, కుడివైపు ముగింపులు రాస్తారు. కుడివైపు ఒక్క వాక్యానికి మించకూడదంటే ఇంట్యూషనిస్టిక్ లాజిక్ (ఏ A కైనా “A లేదా A కాదు” అని ఊరికే ఒప్పుకోనిది) వస్తుంది. ఎన్నైనా రాసుకోవచ్చంటే క్లాసికల్ లాజిక్ వస్తుంది, “కాదు”కి చక్కటి జంట నియమాలూ దొరుకుతాయి. మాస్టారి రుజువు నిలబడుతుంది.

లెక్కల_మాస్టారు
బాగుంది. కానీ కుడివైపు ఆ వాక్యాల మధ్య పెట్టే కామాను ఏమని చదువుతారు? “ఇది, లేదా అది, లేదా అది” అనేగా? “మరియు” అర్థం “మరియు”తో చెప్పకూడదని పైన నన్ను ఆపింది మీరే.