మా అత్తయ్య అంత్యక్రియలకు సాయం అడగడం ఎలా?

రాజమహేంద్రవరంలో మా మేనత్త నిన్న కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, చివరి వరకూ ప్రైవేటు బడిలో తెలుగు చెబుతూనే ఉన్నారు. ఒత్తులు రాని పిల్లలను సాయంత్రం ఇంటికి పిలిచి, అన్నం పెట్టి మరీ దిద్దించేవారు. నన్ను చదివించిందీ ఆవిడే.

ఆసుపత్రి ఖర్చులతో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. రేపు దహనం, ఆపైన గోదావరిలో అస్థి నిమజ్జనం, పెద్దకర్మ. సర్వీసులో ఉండగా మరణించిన పీఎఫ్ సభ్యుల కుటుంబానికి ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో ముడిపడిన ఉద్యోగుల జీవిత బీమా) గరిష్ఠంగా 7 లక్షల వరకు ఇస్తుంది కానీ, అది చేతికందేసరికి కర్మలన్నీ అయిపోతాయి.

ఆవిడ పాత విద్యార్థులను అడగాలనుకుంటున్నాను. ఎవరి ముందూ చేయి చాచని మనిషి. ఆ గౌరవం చెడకుండా విన్నపం ఎలా రాయాలి? ఖర్చుల వివరాలు ముందే చెప్పాలా? మిగిలిన డబ్బుతో ఆ బడి పిల్లలకు నిఘంటువులు కొనిస్తామనవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి ఈ రాత్రికే చెప్పండి.