మధ్యాహ్నం 12కి నీడ ఎందుకు పొట్టిగా లేదు?

ప్రశ్న: సైన్స్ టీచర్, ఆదిలాబాద్

ఫిబ్రవరి రెండో వారంలో ఎనిమిదో తరగతి పిల్లలతో బడి ఆవరణలో మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలిపించాను. మిట్టమధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండాలి కదా. మాకు 12 దాటినా తగ్గుతూనే పోయింది. 12:30 దగ్గర ఆగి, అప్పుడు పెరగడం మొదలైంది. మేస్త్రీ గుండు దారం వేసి చూశాడు, కర్ర నిటారుగానే ఉంది. టైము ఫోన్‌లో చూశాం. ఈ అరగంట తేడా ఎక్కడిది? పిల్లలు వదలడం లేదు.

జవాబు: రిటైర్డ్ జాగ్రఫీ మాస్టారు, కాకినాడ

టీచర్ గారూ, మీ పిల్లలు కొలిచింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ముందు ఆ మాట వాళ్లకి చెప్పండి.

మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది టైము చూపిస్తాయి. గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. ఆ గీత కాకినాడ మీదుగా పోతుందని పాఠాల్లో చెబుతాం గానీ, నిజానికి మాకు కొంచెం తూర్పున, తుని పక్కగా వెళ్తుంది. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఆదిలాబాద్ దాదాపు 78.5 డిగ్రీల దగ్గర ఉంది. అంటే గీతకి నాలుగు డిగ్రీలు పడమర, 16 నిమిషాలు ఆలస్యం.

మిగతా 14 నిమిషాలు ఫిబ్రవరివి. భూమి కక్ష్య పూర్తి గుండ్రం కాదు, ఇరుసు కూడా వాలి ఉంటుంది. అందుకని సూర్యుడు ఏడాది పొడవునా గడియారంతో సమంగా నడవడు. ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడతాడు, నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు. 16, 14 కలిపితే మీ 12:30 వచ్చేసింది!

నవంబర్ మొదటి వారంలో మళ్లీ పెట్టించండి. అప్పుడు మీ ఊళ్లో నీడ దాదాపు సరిగ్గా 12కే పొట్టిదవుతుంది.

జవాబు: రైల్వే ఉద్యోగి, విజయవాడ

మాస్టారు చెప్పినదానికి కాస్త చరిత్ర. ఈ ఒకే టైము 1906లో వచ్చింది. అంతకుముందు రైళ్లు మద్రాసు అబ్జర్వేటరీ టైముతో నడిచేవి, అది గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. ఊరికో టైము ఉంటే టైంటేబుల్ వేయడం ఎంత తలనొప్పో మాకు తెలుసు. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైము వదల్లేదు. అస్సాం టీ తోటల్లో ఇప్పటికీ గంట ముందుకు పెట్టుకున్న ‘బాగాన్ టైము’ వాడుతుంటారు, అక్కడ అంత తొందరగా తెల్లారుతుంది మరి.

టీచర్, ఆదిలాబాద్

ధన్యవాదాలు మాస్టారూ. 12 దగ్గర నీడ మార్పు మరీ సన్నగా ఉండి కొలవడం కష్టమైంది. ఏం చేయాలి?

మాస్టారు, కాకినాడ

కర్ర మొదలు చుట్టూ సుద్దతో వలయం గీయించండి. పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన టైము, మధ్యాహ్నం మళ్లీ తాకిన టైము రాసుకోండి. రెండింటికీ సరిగ్గా నడిమి టైమే మీ ఊరి మిట్టమధ్యాహ్నం.