‘ల్యాండ్ ఓ కేక్స్’: ఆ కేకులు ఏ కేకులు?

వెన్నముద్ద: షార్ట్‌బ్రెడ్ అనే స్కాట్లండు వెన్న బిస్కట్ కోసం ఒక పాలు పంచదార, రెండు పాళ్ళు వెన్న, మూడు పాళ్ళు మైదా తూచి కలుపుతుంటే, స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ పంక్తి ఒకటి సగమే గుర్తుకు వచ్చి వేధిస్తోంది. మెయిడెన్‌కర్క్ నుంచి జానీ గ్రోట్స్ దాకా, అంటే దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్న స్కాట్‌లను ‘ల్యాండ్ ఆఫ్ కేక్స్’ అని పిలిచే పద్యం అది. ఆ ‘కేక్స్’లో షార్ట్‌బ్రెడ్‌కు చోటుందా?

పాతప్రతి: 1789లో పాత కట్టడాల పరిశోధకుడు కెప్టెన్ గ్రోస్ మీద చెప్పిన పద్యం మొదటి పంక్తి అది. అక్కడ ‘కేక్స్’ అంటే ఓట్స్ పిండితో పెనం మీద కాల్చే పలచని రొట్టెలే. గోధుమపిండీ వెన్నా పంచదారా ఖరీదైన ఆ రోజుల్లో షార్ట్‌బ్రెడ్ పండుగకో పెళ్ళికో చేసుకునేది కనుక, దేశానికి పేరు తెచ్చేటంత నిత్యాహారం కాలేదు. ఓట్స్ ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే, స్కాట్లండులో జనాన్ని పోషించే ధాన్యమని 1755 నాటి తన ఇంగ్లీషు నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ విసిరిన చెణుకు మీకు తెలియనిది కాదు.

ఛందోవ్యసని: మూలంలో ఉన్నది ‘ఆఫ్’ కాదు, దానికి స్కాట్ యాస రూపమైన ‘ఓ’. రెండూ ఏకాక్షరాలే కనుక నడక చెడదు. కానీ ‘ఆఫ్’ అనగానే ఆ పిలుపు ఎడిన్‌బరో పెద్దమనిషి ఉపన్యాసమైపోతుంది, ‘ఓ’ అంటే ఊరివాడు ఊరివాళ్ళను కేకవేసినట్టుంటుంది.

వెన్నముద్ద: ‘ఓ’ను ఒప్పుకుంటాను, ఓట్స్‌ను ఒప్పుకోను. గుండ్రంగా ఒత్తి, అంచులు నొక్కి, ముక్కోణాలుగా కోసే షార్ట్‌బ్రెడ్‌కు ‘పెటీకోట్ టెయిల్స్’ అని పేరుంది కదా. అది ఫ్రెంచి ‘పెతీ గాతో’, అంటే చిన్న కేకులు, అన్న మాటకు వికృతి అనే వాదం ఉంది. అలాగైతే షార్ట్‌బ్రెడ్ కూడా కేకే.

పాతప్రతి: లంగా కుచ్చెళ్ళ ఆకారమే ఆ పేరుకు చాలు, ప్రతి పేరుకూ ఫ్రాన్సు దాకా వెళ్ళనక్కరలేదు. పైగా ఆ పేరును స్కాట్లండు రాణి మేరీ ఫ్రాన్సు నుంచి తెచ్చిందనే కథను దానికి తగిలించేవారిని చూస్తే నాకు మరీ అనుమానం.

ఛందోవ్యసని: బర్న్స్ కన్న ముందే రాబర్ట్ ఫెర్గుసన్ స్కాట్లండును ‘ల్యాండ్ ఓ కేక్స్’ అన్నాడు. ఇరవై నాలుగేళ్ళకే 1774లో పోయిన ఆ కవికి, కానన్‌గేట్ శ్మశానంలో గుర్తు కూడా లేకుండా ఉన్న సమాధి మీద, బర్న్స్ తన ఖర్చుతో రాయి వేయించాడు. గ్రోస్ పద్యంలో వాడిన ఆరు పాదాల పద్యరూపంలో బర్న్స్‌కు దారి చూపినవారిలో ఒకరైన ఆయనను వదిలి పిండివంటలు చర్చించడం నాకు కష్టంగా ఉంది.

పాతప్రతి: ఫెర్గుసన్ మాటా ఓట్ రొట్టె గురించే. తెలుగులో ‘రొట్టెల సీమ’ అంటే సరిపోతుంది.

వెన్నముద్ద: రొట్టె అంటే వెన్న వాసనే తగలదు, నాకు ‘కేకుల సీమ’ కావాలి. ఇంతకూ మీలో ఎవరైనా పిండిలో కొంచెం బియ్యప్పిండి కలిపి చూశారా? కాస్త కరకరలాడుతుందంటారు. 160 డిగ్రీల మీద, రంగు తిరగకముందే తీయాలా, అంచులు లేత బంగారు రంగుకు వచ్చేదాకా ఉంచాలా?

ఛందోవ్యసని: లేత బంగారు రంగు రానివ్వండి. ‘ఓ’ను మాత్రం ‘ఆఫ్’ చేయకండి.