పాత వర్క్‌స్టేషన్‌లో 4 టీబీ డిస్కు పెడితే 2 టీబీయే కనపడుతోంది

కల్లూరు స్టూడియో (కర్నూలు)
పెళ్లి వీడియోల పని మాది. రెండు జియాన్ ప్రాసెసర్లున్న పాత వర్క్‌స్టేషన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఎడిటింగ్‌కు ఇప్పటికీ బాగానే లాగుతోంది. బోర్డు మీద సాటా పోర్టులు ఆరు, పక్కన సాస్ (సర్వర్ డిస్కుల రకం, సాటా డిస్కులూ పడతాయి) పోర్టులు ఎనిమిది. సాటావి నిండిపోయాయని కొత్త 4 టీబీ డిస్కును సాస్‌లో తగిలిస్తే సగమే చూపిస్తోంది. మూడు సంగతులు చెప్పండన్నా. మిగతా సగం ఎట్లా వస్తుంది? బయాస్‌లో సాటా పోర్టులకు పాత ఐడీఈ పద్ధతి అని ఉంది, కొత్త ఏహెచ్‌సీఐ పద్ధతి పెడితే విండోస్ 10 మళ్లీ ఎక్కించాలా? ఇంకో నాలుగు డిస్కులు వేస్తే పవర్ సప్లై తట్టుకుంటుందా? మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీదున్నాయి.

టవర్‌క్లాక్ (అనంతపురం)
ఎంబీఆర్ అప్పా అది, డిస్కు భాగాలను రాసుకునే పాత పద్ధతి, 2 టీబీ దాటదు. కొత్తదైన జీపీటీకి మార్చు, అయిపోతుంది. ఇంతదానికి పెద్ద చర్చ ఎందుకు?

కల్లూరు స్టూడియో
జీపీటీయే పెట్టానన్నా. అదే డిస్కు మా బావమరిది ల్యాప్‌టాప్‌కు డాక్‌తో పెడితే నిండుగా కనపడుతోంది.

కడప ఎండ
సాస్ పోర్టుల వెనక 1068ఇ చిప్పు ఉందేమో చూడు. ఆన్ చేసేటప్పుడు స్క్రీన్ మీద పేరు పడుతుంది. అదైతే 2 టీబీ దాటి చూడదు. సెక్టారు నంబరుకు దాని దగ్గర 32 బిట్లే, ఒక్కో సెక్టారు 512 బైట్లు. గుణించుకుంటే 2.2 లక్షల కోట్ల బైట్ల దగ్గర ఆగిపోతుంది. ఫర్మ్‌వేర్ మార్చినా లాభం లేదు, దాని మీద నేను రెండు ఆదివారాలు తగలేశా. చివరికి 9211-8ఐ అనే విడి సాస్ కార్డు కొని ఐటీ మోడ్‌కు ఫ్లాష్ చేసుకున్నా. ఒక్కటే బాధ, కార్డుకు ఫ్యాన్ ఉండదు. సర్వర్లలో గాలి దూసుకొస్తుంది కాబట్టి సరిపోతుంది. మన క్యాబినెట్‌లో, అదీ మే నెలలో, వేలు పెడితే చుర్రుమంటుంది. చిన్న ఫ్యాన్ ఒకటి ట్యాగులతో కట్టేశా.

గుంతకల్లు జంక్షన్
ఐటీ మోడ్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసమా సామీ 😀

కడప ఎండ
ఇనీషియేటర్ టార్గెట్. రెయిడ్ (డిస్కులన్నీ కలిపి ఒకటిగా వాడే పద్ధతి) జోలికి పోకుండా డిస్కును ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

హార్డ్‌వేర్ పెద్దాయన (ఆదోని)
1998 నుంచి ఈ ఫీల్డులోనే ఉన్నా. కార్డు తీసుకో, ఒక మూతి నుంచి నాలుగు సాటా మూతులొచ్చే కేబుల్ ఏదైనా తీసుకో, తగిలించు. అంతే.

నంద్యాల చెక్‌పోస్ట్
"ఏదైనా" అనొద్దండీ. ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలుంటాయి, చూడ్డానికి కవల పిల్లలు. కార్డు నుంచి డిస్కులకైతే ఫార్వర్డ్. బోర్డు సాటా పోర్టుల నుంచి బ్యాక్‌ప్లేన్‌కైతే (డిస్కులు వరసగా దిగే బోర్డు) రివర్స్. నాకు రివర్స్ వచ్చింది. ఒక్క డిస్కూ కనపడక, కార్డే కాలిపోయిందని మూడు రోజులు ఏడ్చా.

హార్డ్‌వేర్ పెద్దాయన
రాగి తీగకు ముందూ వెనకా ఏంది? అమ్మేవాళ్లు చెప్పింది నమ్మి రెండోది కొన్నట్టున్నావు.

నంద్యాల చెక్‌పోస్ట్
తీగకు లేదు, అతుకుకు ఉంది. పంపే జత పోయి అందుకునే జతకు తగలాలి. అది తప్పితే రెండు వైపులా మాట్లాడతారు, వినేవాడు ఉండడు. ఇప్పుడు మనిద్దరి మాదిరి.

హార్డ్‌వేర్ పెద్దాయన
మర్యాదగా మాట్లాడు. నువ్వు పలక పట్టకముందే ఒకే కేబుల్ మీది రెండు ఐడీఈ డిస్కులకు మాస్టర్, స్లేవ్ అని జంపర్లు పెట్టినవాణ్ణి.

నంద్యాల చెక్‌పోస్ట్
ఆ 80 తీగల రిబ్బన్ కేబుల్‌కే దిక్కుండేది కదా పెద్దాయనా! నీలం మూతి బోర్డుకు, నలుపుది మాస్టర్‌కు, మధ్యలో బూడిదరంగుది స్లేవ్‌కు. అప్పుడు ఎవరు చెప్తే నమ్మారు?

గుంతకల్లు జంక్షన్
🔥🔥

టవర్‌క్లాక్
కేబుళ్లు కావాలంటే బెంగళూరు ఎస్‌పీ రోడ్డు బజారుకు పోవాల. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటావు.

కడప ఎండ
కర్నూలాయన సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు వదిలేసి బెంగళూరు ఎందుకు పోతాడప్పా?

టవర్‌క్లాక్
బేరం తెలిసినోడు పోతాడు. సీటీసీలో మీరు చెప్పించుకునే రేట్లు నాకు తెలుసులే.

బెళుగుప్ప రైతుబిడ్డ
ఇవన్నీ ఎందుకు, రెయిడ్ 5 పెట్టేయండి. ఒక డిస్కు పోయినా డేటా ఉంటుంది, ఇంక బ్యాకప్ దండగ.

కడప ఎండ
అట్లా అనుకున్న స్టూడియో ఒకటి మా వీధిలోనే ఉంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే రెయిడ్ అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా డిలీట్ చేసింది. పెళ్లికూతురి తరఫువాళ్లు షాపు ముందర కూర్చున్నారు.

మౌనముని (ప్రొద్దుటూరు)
పైనుంచి మొత్తం చదివాను. స్టూడియో అన్నా, ఆ ఆరు సాటా పోర్టుల్లో ఏమేం ఉన్నాయి?

కల్లూరు స్టూడియో
విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ, డీవీడీ రైటర్, 1 టీబీవి నాలుగు.

మౌనముని
1 టీబీది ఒకటి తీసి సాస్ పోర్టుకు మార్చండి, అది 2 టీబీ లోపలే కాబట్టి ఆ చిప్పుకు ఇబ్బంది లేదు. ఖాళీ అయిన సాటాలో 4 టీబీ పెట్టండి. ఎస్‌ఎస్‌డీని కదపొద్దు. కార్డూ వద్దు, కేబులూ వద్దు. ఏహెచ్‌సీఐకి విండోస్ మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయాస్‌లో మార్చండి. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేయండి. నేరుగా మారిస్తే మాత్రం నీలం స్క్రీన్ రావచ్చు.

హార్డ్‌వేర్ పెద్దాయన
నేనూ అదే చెప్పబోతున్నా.

కల్లూరు స్టూడియో
మౌనముని గారూ, దండం! 3.63 టీబీ చూపిస్తోంది. పైసా ఖర్చు లేదు. ఏహెచ్‌సీఐ కూడా మారింది. పవర్ సప్లై సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బెళుగుప్ప రైతుబిడ్డ
4 కదా కొన్నది? మిగతా 0.37 ఎవడు తిన్నాడు?

కడప ఎండ
కంపెనీ పదులతో లెక్కేస్తుంది, విండోస్ 1024లతో. ఎవరూ తినలేదు. స్టూడియో అన్నా, 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, తర్వాత బాగా తగ్గుతుంది. నాలుగింటికి 100 వాట్ల లోపే, అదీ కొన్ని సెకన్లు. వర్క్‌స్టేషన్ సప్లైకి అదొక లెక్క కాదు. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల కరెంటు మూతి) నుంచి సాటాకు మార్చే చవక ముక్కలు, ప్లాస్టిక్ పోతపోసినవి మాత్రం పెట్టొద్దు. లోపల తీగలు తగులుకొని మంటలంటుకోవచ్చు.

టవర్‌క్లాక్
ఆ 1 టీబీవి అమ్ముతావా అప్పా? రెండు కావాల. అనంతపురం బస్సులో వేసినా చాలు.