నాయనకు చీలమండ కీలు అరిగింది: అతికించడమా, మార్చడమా?

మగ్గంగుంత, ప్రొద్దుటూరు

మా నాయనకు 61 ఏండ్లు. కుడి చీలమండ. పదహైదేండ్ల కిందట బండి మీద నుంచి పడి విరిగితే బయటి పక్క ప్లేటు, లోపలి పక్క రెండు స్క్రూలు వేసినారు. అవి ఇంకా లోపలే ఉండాయి. ఇప్పుడు ఎక్స్‌రే చూసి గుజ్జు మొత్తం పోయింది, ఎముకా ఎముకా ఒరుసుకుంటాండాయి అన్నారు. పొద్దున లేస్తానే పది నిమిషాలు కుంటుతాడు, సాయంత్రం మగ్గం దిగినాక ఇంకా ఎక్కువ. అర కిలోమీటరు నడిస్తే వాపు.

షుగరు ఉంది, మూడు నెలల సరాసరి 8.4. దినానికి పది బీడీలు. బరువు 78 కిలోలు. పని గుంత మగ్గం, అంటే గుంతలోకి కాళ్లు దించి తొక్కుతా ఉండాల.

ఒక డాక్టరు కీలును అతికించేద్దాం అంటాడు. ఇంకొకాయన కీలు మార్చేదే మేలు, కదలిక మిగులుతుంది అంటాడు. మా బావేమో ఆపరేషనే వద్దు, రక్తంలోంచి ప్లాస్మా తీసి సూది వేస్తారంట, అది వేయించు అంటాడు. అతికిస్తే కాలు కట్టె మాదిరి అయిపోతుందని నాయన భయం. మగ్గం తొక్కగలడా? కింద కూర్చోగలడా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఎముకలవార్డు, కర్నూలు

అతికించడమా మార్చడమా అన్నది తర్వాత. ముందు నొప్పి ఏ కీలుదో తేలాలి. చీలమండ కిందనే ఇంకో కీలు ఉంది, టాలస్ ఎముకకూ మడమ ఎముకకూ నడుమ. పాదం పైకీ కిందికీ ఆడేది పై కీలులో, లోపలికీ బయటికీ ఒరిగేది కింది కీలులో. పాత విరుపు ఉన్నవాళ్లకు రెండూ కలిసి అరిగి ఉండొచ్చు. మెట్లెక్కేటప్పుడు, వాలు దిగేటప్పుడు ముందు వైపు నొస్తే పై కీలు. దున్నిన చేలో, గులకరాళ్ల దారిలో నడిస్తే గిలక కింద పక్కన నొస్తే కింది కీలును అనుమానించాలి. తేలకపోతే తెర మీద ఎక్స్‌రే చూస్తూ ఒక్క కీలులోకే రెండు మూడు మిల్లీలీటర్ల లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు ఎక్కించి, మందు పని చేస్తుండగానే నడిపిస్తారు. నొప్పి ముక్కాలు వంతు పోయిందంటే దొంగ దొరికినట్టే. ఈ పరీక్ష ఎగ్గొట్టి పై కీలు అతికిస్తే, తప్పు కీలుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అవుతారు.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే మీద నిర్ణయం తీసుకోవద్దు. రెండు కాళ్ల మీద బరువు మోపి నిలబెట్టి తీయాలి: ముందు నుంచి, పక్క నుంచి, పాదం కాస్త లోపలికి తిప్పి, మడమ వెనక నుంచి. పడుకుంటే సందు ఉన్నట్టు కనిపించే కీలు నిలబడితే మూసుకుపోతుంది. మడమ ఎటు ఒరిగిందో కూడా నిలబడితేనే తెలుస్తుంది. ఎముక లోపల తిత్తులు, కింది కీలు అరుగుదల చూడటానికి సీటీ. పాత ప్లేటు ఉంది కాబట్టి ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్త పరీక్షలు చేయించి లోపల చీము లేదని తేల్చుకోవాలి.

అతికించడం, మార్చడం కాకుండా ఇంకో మూడు దారులున్నాయి. ముందు అంచున ఎముక ముల్లు పెరిగి, పాదం పైకి లేపితేనే నొస్తూ, గుజ్జు చాలావరకు మిగిలి ఉంటే ఆ ముల్లు చెక్కేస్తే చాలు. కీలు ఒక పక్కే అరిగి రెండో పక్క బాగుంటే, చీలమండకు పైన ఎముక కోసి ఒంపు సరిచేసి, బరువును మంచి పక్కకు మళ్లిస్తారు. చిన్న వయసువాళ్లకు కాలి బయట ఇలిజరోవ్ రింగులు పెట్టి, ఎముకలోకి కమ్మీలతో బిగించి కీలును ఐదు మిల్లీమీటర్లు ఎడం చేసి మూడు నెలలు ఉంచే పద్ధతి ఉంది. ఎముకా ఎముకా ఒరుసుకుంటున్న మీ నాన్నగారికి మొదటిది పనికిరాదు. మూడోది షుగరు, బీడీలతో కలిస్తే కమ్మీల దగ్గర చీము పట్టడమే. రెండోది కొట్టేయాలంటే నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి.

అతికించడం అంటే, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కిందికొననూ టాలస్ పైభాగాన్నీ గీకి మిగిలిన గుజ్జంతా తీసేసి, ఎముకలో రక్తం చెమ్మ కనిపించేదాకా సన్నగా బెజ్జాలు వేసి, దగ్గరికి నొక్కి, సాధారణంగా 6.5 మిల్లీమీటర్ల లావు స్క్రూలు రెండో మూడో బిగిస్తారు. ఎముక మెత్తగా ఉంటే, వంకర ఎక్కువుంటే ప్లేటు. వంకర తక్కువైతే దూర్బీను పెట్టి చిన్న రంధ్రాల గుండా కూడా చేయవచ్చు. పాత కోతలున్న కాలికి అదే మంచిది, చర్మం చెడదు. అన్నిటికంటే ముఖ్యం పాదాన్ని ఏ కోణంలో పెట్టారన్నది. పైకీ కిందికీ సున్నా డిగ్రీలు, మడమ బయటికి సున్నా నుంచి ఐదు, పాదం వేళ్ల దిక్కు బయటికి ఐదు నుంచి పది. వేళ్లు కిందికి వాలినట్టు అతుక్కుంటే అడుగేసినప్పుడల్లా మోకాలు వెనక్కి తన్నుకుంటుంది. మడమ లోపలికి ఒరిగి అతుక్కుంటే చిటికెన వేలి వైపు అంచు మీద బరువంతా పడి ఆనెలు కాస్తాయి, ఆ నడకలో కింది కీలు కూడా త్వరగా పాడవుతుంది. స్క్రూ వదులైతే మళ్లీ బిగించవచ్చు. కోణం తప్పితే అతుక్కున్న ఎముకను మళ్లీ కోయాలి.

మార్పిడిలో టిబియా కొనకు లోహపు పలక, టాలస్ మీద లోహపు టోపీ, నడుమ పాలీ ఎథిలీన్ అనే ప్లాస్టిక్ దిమ్మ. కదలిక మిగులుతుంది, నడక తీరు బాగుంటుంది, పక్క కీళ్ల మీద భారం తగ్గుతుంది. కానీ దానికి తగిన కాలు ఉండాలి: వంకర 10-15 డిగ్రీల లోపు, ఎముక గట్టిగా, రక్త ప్రసరణ బాగా, పాదంలో స్పర్శ మామూలుగా, చీము చరిత్ర లేకుండా. దిమ్మ చెడినా టోపీ కుంగినా రెండోసారి ఆపరేషన్ చాలా పెద్దది. తీసేసిన ఎముక స్థానంలో వేరే ఎముక నింపి అప్పుడు అతికించాలి. బ్రిటన్‌లో 17 ఆసుపత్రుల్లో 50 నుంచి 85 ఏళ్ల వాళ్లు 303 మందిని రెండు జట్లు చేసి పోల్చిన ఫలితం 2022లో వచ్చింది. ఏడాది తర్వాత నడక, నిలబడటంలో ఇద్దరూ బాగుపడ్డారు, రెంటికీ నడుమ ఖాయంగా చెప్పదగ్గ తేడా రాలేదు. మార్చినవాళ్లలో గాయం మానడం ఎక్కువ సతాయించింది. అతికించినవాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఎముక అతుక్కోకపోవడం ఎక్కువ.

ప్లాస్మా సూది సంగతి: నెదర్లాండ్స్‌లో సరిగ్గా చీలమండ అరుగుదలకే 100 మందిలో ఉప్పునీటి సూదితో పోల్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితం, ఆరు నెలలకు ఉప్పునీటి కంటే మెరుగేమీ లేదు. ఆ డబ్బుతో మంచి బూట్లు కుట్టించండి.

నా మాట: ఈ వయసు, ఈ పని, ఈ షుగరు, ఈ బీడీలు చూస్తే అతికించడమే. కానీ ఇప్పుడు కాదు. బీడీ మానకుండా అతికిస్తే ఎముక అతుక్కోని అవకాశం కొన్ని రెట్లు పెరుగుతుంది. కనీసం ఆరు వారాల ముందు మానాలి, ఎముక అతుక్కునేదాకా ముట్టకూడదు. జర్దా, ఖైనీలోనూ నికోటినే కాబట్టి బీడీ మాని అవి నమిలితే లాభం లేదు. షుగరు సరాసరి 7.5 దగ్గరికి రావాలి. విటమిన్ డి చూపించుకోండి. పాదం అడుగున 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం ఆనిస్తే స్పర్శ తెలుస్తోందా అన్నది కూడా. తెలియకపోతే మార్పిడి మాట మర్చిపోవచ్చు, అతికించినా కట్టు ఇంకా ఎక్కువ కాలం ఉంచాలి.

నడకమాస్టరు, అనంతపురం

"కదలిక పోతుంది" అనే భయం గురించి. ముందు ఎంత కదలిక మిగిలిందో కొలవండి, ఇంట్లోనే అవుతుంది. గోడకు ఎదురుగా నిలబెట్టండి, బొటనవేలు గోడ వైపు. మడమ నేల మీద నుంచి లేవకుండా మోకాలు వంచి గోడకు తాకించాలి. తాకుతుంటే పాదం కొద్దికొద్దిగా వెనక్కి జరపండి. మడమ లేవకుండా మోకాలు తాకే చివరి చోట బొటనవేలికీ గోడకూ నడుమ ఎన్ని సెంటీమీటర్లో స్కేలుతో చూడండి. మంచి కాలుకు సుమారు పది వస్తుంది, ఒక్కో సెంటీమీటరు మూడున్నర డిగ్రీల కిందికి లెక్క. చెడ్డ కాలుకు రెండో మూడో వస్తే అతికించడం వల్ల పోయేది ఆ కొంచెమే, మిగతాది ఎప్పుడో పోయింది.

అతికించినా పాదం మొత్తం కట్టె కాదు. పాదం నడుమ కీళ్లు కొంత ఆడతాయి, చదును నేల మీద బూటు వేసుకుని నడిస్తే పక్కవాళ్లు గమనించరు. పోయేది గొంతుక్కూర్చోవడం. మడమ ఆనించి కూర్చోవాలంటే పాదం బాగా పైకి వంగాలి, మార్పిడి చేసినా అంత వంగదు. కాబట్టి "మార్పిడి అయితే కింద కూర్చోవచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. బాసింపట్టు వేరే సంగతి, అది తుంటి, మోకాలి పని. కింద దుప్పటి మడిచి వేసుకుంటే చాలామందికి కుదురుతుంది, లేచేటప్పుడే చెయ్యి ఆసరా కావాలి. మరుగుదొడ్డి మాత్రం కుర్చీ రకమే. ఆపరేషన్‌కు ముందే పెట్టించండి, పక్కన గోడకు పట్టుకునే కమ్మీ కూడా.

మగ్గం గురించి నిజం చెప్పాలంటే గుంత మగ్గం ఈ కాలికి కొంత అనుకూలమే. కాళ్లు కిందికి వేలాడతాయి, తొక్కుడు తుంటి, మోకాలితో కూడా చేయవచ్చు. పాదం సున్నా డిగ్రీల్లో నిలిచిపోతుంది కాబట్టి వేళ్లతో కిందికి నొక్కే అలవాటు మానుకుని అరికాలు మొత్తంతో తొక్కాలి. తొక్కే కర్ర మీద అంగుళం మందం చెక్క బిగించి ఎత్తు సర్దుకోండి. జకార్డు తొక్కుడు బరువు, దాన్ని ఎడమ కాలికి మార్చుకోగలిగితే మేలు. గుంతలోకి దిగి ఎక్కడానికి ఒక మెట్టు, పైన పట్టుకోవడానికి తాడు. మూడు నెలల దాకా మగ్గం మాట ఎత్తొద్దు, నాలుగో నెలలో గంటతో మొదలు.

ఆ మూడు నెలల లెక్క: మొదటి రెండు వారాలు కాలు గుండె కంటే ఎత్తులో, దిండ్ల మీద. రెండు వారాలకు కుట్లు విప్పుతారు. ఆరు వారాల దాకా ఆ కాలు నేలకు ఆనకూడదు, బొటనవేలు కూడా. తర్వాత ఎక్స్‌రే బాగుంటే బూటు కట్టుతో కొద్దికొద్దిగా బరువు, పన్నెండు వారాలకు మామూలు బూటు. షుగరు ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇంకో నాలుగు వారాలైనా సాగుతుంది. వాపు ఏడాది దాకా వచ్చి పోతుంటుంది, దానికి బెంగ వద్దు. కట్టు బిగుసుకుపోయి వేళ్లు నీలం తిరగడం, తిమ్మిరి, మందుకు లొంగని నొప్పి, పిక్కలో గట్టి వాపు, ఆయాసం: వీటిలో ఏదొచ్చినా రాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి.

ఒంటికాలి నడక ఆపరేషన్‌కు ముందే నేర్పించండి. 61 ఏళ్ల మనిషికి చంక కర్రల కంటే వాకర్ నయం. మన ఇళ్లలో కడప బండల నేల తడిస్తే నున్నగా జారుతుంది, వాకర్ కాళ్ల రబ్బరు బిళ్లలు అరిగాయేమో చూసి మార్చండి.

మగ్గంగుంత, ప్రొద్దుటూరు

అన్నా, కొలిచినా. ఎడమ కాలికి 11, కుడికి 2. నాయన ఆ స్కేలు చూసి నవ్వినాడు, "దీనికేనా నేను భయపడింది" అన్నాడు. పాత చెప్పులు తిప్పి చూస్తే కుడి చెప్పు మడమ బయటి అంచు బాగా కరిగిపోయింది, ఎడమది సమంగా ఉంది. ఇది చెప్పాల్సిన విషయమేనా? ఇంకోటి, బీడీ, షుగరు దారికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంతవరకు ఏం చేయాల?

తోలూసూదీ, తిరుపతి

చెప్పు విషయం తప్పకుండా చెప్పండి, ఆ చెప్పులే తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. అంతవరకు చీలమండ కదలిక తగ్గిస్తే నొప్పి తగ్గుతుంది. ఊయల కాళ్ల మాదిరి అడుగు ఉన్న బూటు, అంటే వంగని గట్టి అట్ట, ముందు భాగం పైకి లేచి, ఒంపు వేళ్ల మొదళ్లకు కొంచెం వెనకే మొదలవ్వాలి. ఒంపు మరీ ముందుకు పోతే పనికిరాదు, చాలామంది చెప్పులు కుట్టేవాళ్లు అక్కడే తప్పు చేస్తారు. మడమ కింద మెత్తటి రబ్బరు ముక్క. ఆ బూటు రెండు సెంటీమీటర్లు ఎత్తు పెరిగితే రెండో కాలిదీ అంతే పెంచాలి, లేదంటే నడుము పట్టేస్తుంది. హవాయి చెప్పులు మానాలి, వెనక పట్టీ ఉండి తీరాలి. ఇంట్లో కూడా. షుగరు కాలికి లోపలి అస్తరు మెత్తగా ఉండాలి, కుట్టు ముడులు తగలకూడదు, కొత్త బూటు మొదటిరోజు అరగంట వేసి విప్పి ఎర్రబడిన చోట్లు చూడాలి.

దాంతోపాటు చీలమండను బంధించే ప్లాస్టిక్ తొడుగు. కొలత తీసి పాదం అచ్చు పోసి చేసిందే కావాలి, దుకాణంలో సాగే కట్టు ఈ అరుగుదలకు చాలదు. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో తొడుగులు, కాలిపర్లు చేస్తారు. చేతికర్ర ఎడమ చేతిలో, కుడి చేతిలో కాదు. ఈ తొడుగు వేసుకున్నప్పుడు నొప్పి బాగా తగ్గితే అతికించిన తర్వాత ఎట్లా ఉంటుందో ముందే రుచి చూసినట్టు. మీ నాయన భయానికి ఇదే మంచి మందు.

ఎముకలవార్డు, కర్నూలు

బయటి అంచు అరిగిందంటే మడమ లోపలికి ఒరిగి ఉండొచ్చు. ఎక్స్‌రేలో అది 15 డిగ్రీలు దాటితే మార్పిడి ఇంకా దూరం. అతికించేటప్పుడు ఆ ఒరుగుడు సరిచేస్తారా, కింది కీలునూ ముట్టుకోవాలా అని అడగండి. పాత ప్లేటు ఏ కోత గుండా తీస్తారు, కొత్త కోత దానికెంత దూరం అని కూడా. రెండు కోతలు మరీ దగ్గరైతే నడుమ చర్మం నల్లబడి ఊడుతుంది. ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారని అడగడం అమర్యాద కాదు, మోకాలి మార్పిడితో పోలిస్తే ఇవి తక్కువ.

ఈ నాలుగు నెలల్లో కీలులోకి స్టెరాయిడ్ సూది వేయించుకుంటే ఆ తారీఖు రాసి పెట్టుకోండి. సూదికీ ఆపరేషన్‌కూ కనీసం మూడు నెలలు ఎడం లేకపోతే చీము పట్టే ప్రమాదం. సూది తర్వాత షుగరు కొన్ని రోజులు ఎగిరిపడుతుంది, ఇంట్లో మిషన్‌తో రోజూ చూసుకోండి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ మింగొద్దు, షుగరు ఉన్నవాళ్లకు కిడ్నీ ఉంది కాపాడుకోవడానికి. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) చూపించండి.

ఖర్చు విషయం: ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర చీలమండ ఫ్యూజన్ (అతికించడం) ప్యాకేజీ ఉందా, పాత ప్లేటు తీయడం అందులోనే కలుస్తుందా, ముందస్తు అనుమతి వచ్చిందా అని అడిగాకే చేరండి. స్క్రూలు, బూటు కట్టు బయట కొనుక్కోమంటారేమో అదీ ముందే తేల్చుకోండి.