బిస్క్ కాల్పుకు (మెరుగు పూత పూయకముందు చేసే తొలి కాల్పుకు) కంట్రోలర్‌లో 60 అని నింపాను, కుండలు పేలిపోయాయి. తప్పు ఎక్కడ జరిగింది?

ప్రశ్న:
నమస్కారం. హైదరాబాదులో మా ఇంటి వెనుక గదిలో చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (మట్టిపాత్రలు కాల్చే బట్టీ) పెట్టుకొని మట్టిపని నేర్చుకుంటున్నాను. దాని వేడిని నడిపే కంట్రోలర్ సి 01, టి 01, సి 02, టి 02 అంటూ వరుసగా అడుగుతుంది. నేను 30, 60, 600, 150, 1000 అని నింపి, చివర ఆపడానికి మాన్యువల్‌లో చెప్పినట్లు -121 ఇచ్చాను. గంటకు 60 డిగ్రీల చొప్పున 600 వరకు, అక్కడి నుంచి గంటకు 150 చొప్పున 1000 వరకు వెళుతుందని నా ఉద్దేశం. కానీ అరగంట కాకముందే లోపల చప్పుళ్లు మొదలయ్యాయి. తెరిచి చూస్తే తొమ్మిది పాత్రల్లో ఆరు ముక్కలైపోయాయి. మట్టిలో లోపమా, ప్రోగ్రాంలో లోపమా?

మొదటి సమాధానం:
లోపం ప్రోగ్రాంలోనే ఉందండి. కొన్ని కంట్రోలర్లు గంటకు ఎన్ని డిగ్రీలు అని అడుగుతాయి, కానీ మీది ఒక ఉష్ణోగ్రత (సి) నుంచి తరువాతి ఉష్ణోగ్రతకు ఎన్ని నిమిషాల్లో (టి) చేరాలి అని అడిగే రకం. కాబట్టి మీరు నింపిన 60ని అది 60 నిమిషాలుగా తీసుకొని, 30 నుంచి 600కు ఒక్క గంటలో చేరడానికి ప్రయత్నించింది. ఆ లెక్కన 100 డిగ్రీలు దాటడానికి ఎనిమిది నిమిషాలు కూడా అక్కరలేదు. మట్టిలో మిగిలిన తేమ బయటికి వచ్చే దారి లేక లోపలే ఆవిరై, గోడను పగలగొట్టింది.

ఎక్కవలసిన డిగ్రీలను గంటకు కావలసిన వేగంతో భాగించి 60తో హెచ్చిస్తే నిమిషాలు వస్తాయి. ఒకచోట నిలపాలంటే అదే ఉష్ణోగ్రతను వరుసగా రెండు సి స్థానాల్లో రాయాలి. నేనైతే ఇలా నింపుతాను: 30, 60, 90, 180, 90, 306, 600, 160, 1000, 15, 1000, -121. అంటే 90 దగ్గర మూడు గంటలు ఆగి తేమంతా పోయాక, గంటకు 100 చొప్పున 600కు, తరువాత గంటకు 150 చొప్పున 1000కి చేరి, పావుగంట నిలుస్తుంది. మొత్తం 721 నిమిషాలు, సుమారు పన్నెండు గంటలు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కనుక 600 వరకు తొందరపడకండి.

రెండవ సమాధానం:
మాది కుమ్మరి కుటుంబం. ఆవం కాల్చేటప్పుడు మా నాన్నగారు మొదటి కొన్ని గంటలు సన్న సెగ మాత్రమే పెట్టేవారు. ఆ 90 డిగ్రీల నిలుపుదల చేసే పని అదే. అయితే పచ్చి కుండను ఏ ప్రోగ్రామూ కాపాడలేదు. పాత్రను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్లే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన అంకెలతోనే మళ్లీ కాల్చాను, ఒక్కటీ పగలలేదు. మా వీధిలో కరెంటు తరచూ పోతుంది. మధ్యలో పోతే ప్రోగ్రాం ఏమవుతుంది? తెరపై కనిపించే 1000ని ఎంతవరకు నమ్మవచ్చు?

మూడవ సమాధానం:
కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆగిపోవాలా, ఆగిన చోటి నుంచి కొనసాగాలా అనేది చాలా కంట్రోలర్లలో ముందే ఎంచుకోవచ్చు. కొనసాగేలా పెడితే, కిల్న్ చల్లబడిన మేర వేడి ఎక్కేవరకు సమయం లెక్కించకుండా వేచి ఉండే ఏర్పాటును కూడా తప్పక ఆన్ చేయండి. లేకపోతే గడియారం ముందుకు పోతుంది, కిల్న్ పూర్తి శక్తితో దాన్ని అందుకోవడానికి పరుగెడుతుంది, అంటే మీ మొదటి కాల్పు మళ్లీ జరిగినట్లే.

ఇక తెర చూపేది థర్మోకపుల్ (కిల్న్ లోపలి వేడిని కొలిచే కడ్డీ) కొన దగ్గరి వేడిని మాత్రమే. కె రకం థర్మోకపుల్‌కు దానికే చెందిన కాంపెన్సేటింగ్ వైరు వాడాలి. మామూలు రాగి తీగతో పొడిగిస్తే అంకె తప్పుతుంది. పైగా ఎక్కువ వేడికి పదే పదే గురైతే థర్మోకపుల్ కొలత క్రమంగా దారి తప్పుతుంది. అందుకే ప్రతి కాల్పులోనూ పాత్రల మధ్య ఒక 06 కోన్ (తగినంత వేడికి వంగిపోయే చిన్న శంకువు) నిలబెట్టండి. అది సుమారు 1000 దగ్గర వంగుతుంది. తెర 1000 చూపినా కోన్ నిటారుగానే ఉంటే కోన్ మాటే నమ్మి, చివరి 15 నిమిషాలను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్లండి.