పాత కారు ఏసీలో ఆర్-12 బదులు ఆర్-134ఏ నింపవచ్చునా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
మా నాన్నగారు 1994లో కొన్న కారును ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. నిరుడు ఏసీలో గ్యాస్ నింపిస్తే రెండు నెలలు కూడా నిలవలేదు. బానెట్ కింది చీటీ మీద ఆర్-12 అని ఉండగా, మెకానిక్ మాత్రం ఆర్-134ఏ నింపితే చాలునంటున్నారు. ఆయన మాట నమ్మవచ్చునా?

జవాబు 1:
గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదండీ. రెండు నెలల్లో ఖాళీ అయిందంటే లీకు ఉన్నట్టే. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది కనుక, గొట్టాల బిగింపుల దగ్గర దుమ్ము అంటుకున్న నల్లటి జిడ్డు ఉందేమో టార్చి వేసి చూడండి. తరువాత నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగు పూయించి, బుడగలు లేస్తాయేమో గమనించండి.

జవాబు 2:
ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్-12ను ఉపసంహరించారు కనుక, ఆర్-134ఏకు మారక తప్పదు. అయితే కంప్రెసర్‌లోని పాత మినరల్ నూనె ఈ గ్యాస్‌తో కలవదు. దాన్ని తీయించి ఎస్టర్ నూనె పోయించి, తేమను పీల్చే డ్రయ్యర్, రబ్బరు రింగులు కొత్తవి వేయించి, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టించి (పంపుతో లోపలి గాలి, తేమ లాగించి) ఆ తరువాతే గ్యాస్ ఎక్కించాలి. ఆర్-12కు చెప్పిన బరువులో 80 నుంచి 90 శాతం సరిపోతుంది. చవక అని వంటగ్యాస్ లాంటివి నింపుతామంటే దయచేసి ఒప్పుకోకండి, అది కారు లోపలికి కారితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:
కండెన్సర్ (వేడి గ్యాస్‌ను చల్లబరిచే భాగం) బిగింపు దగ్గర జిడ్డు స్పష్టంగా కనిపించింది. రేపు ముందుగా దాన్నే విప్పిస్తాను, చాలా కృతజ్ఞతలు.